పెరటి కొలను ఫిల్టరులో అతినీలలోహిత దీపం: విద్యుత్ తీగల లోపాలు, మరమ్మతు

హైదరాబాదు పాతనగరానికి దక్షిణాన, చాంద్రాయణగుట్ట, బార్కస్ దాటి పహాడీ షరీఫ్ వైపు సాగే ప్రాంతంలో జల్‌పల్లి ఉన్నది. రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలంలోని ఈ ఊరికి ఒక పెద్ద చెరువు, చుట్టూ గ్రానైటు రాతినేల, వాటి మధ్య తోటలతో కూడిన ఇళ్లు ఉన్నాయి. ఇంటి లోగిలిలో హౌజు కట్టుకొనే అలవాటు పాతనగరానికి కొత్తది కాదు. చౌమహల్లా ప్యాలెస్ ప్రాంగణంలోని హౌజు దానికి అందరూ ఎరిగిన ఉదాహరణ. నేటి పెరటి కొలనులో కోయి, గోల్డ్‌ఫిష్ వంటి అలంకరణ చేపలు పెరుగుతున్నాయి. పూర్వపు హౌజుకూ దీనికీ ప్రధానమైన తేడా ఒక్కటే: ఇప్పుడు నీటిని కదిలించేదీ, శుభ్రపరిచేదీ 230 వోల్టుల విద్యుత్తు.

ఈ ఏర్పాటులో ఎక్కువ ఇబ్బంది పెట్టే భాగం అతినీలలోహిత దీపం, వాడుకలో యూవీ దీపం. ఇది ఆగిపోయినపుడు తెగిన తీగను కలిపి టేపు చుట్టడం, లేదా ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతున్నదని దానిని పక్కకు తప్పించి నేరుగా కరెంటు ఇవ్వడం తరచుగా కనిపించే పద్ధతులు. రెండూ ప్రమాదకరమైనవే. యూవీ దీపపు తీగల్లో తలెత్తే లోపాలలో అధిక భాగానికి మూలం తీగ కాదు, తీగ వరకు చేరిన నీరు. ఆ నీరు వచ్చిన దారిని కనుగొని మూయనంత వరకు చేసిన పని మరమ్మతు అనిపించుకోదు.

దీపం పని, దాని నిర్మాణం

యూవీ దీపం అల్ప పీడన పాదరస దీపం. దీని నుంచి ప్రధానంగా 253.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలు వెలువడతాయి. నీటిలో తేలియాడే ఏకకణ శైవలాలు ఈ కిరణాలకు దెబ్బతిని ముద్దలుగా చేరి ఫిల్టరు స్పాంజిలో చిక్కుకొంటాయి, పచ్చనీరు తేటపడుతుంది. రాళ్లకు, గోడలకు అంటుకొని పెరిగే దారపు నాచు దీపం ముందుకు రాదు కాబట్టి దానిపై దీని ప్రభావం ఉండదు. కంటికి కనిపించే నీలి కాంతి వేరు, పనిచేసే కిరణం వేరు. ఇటువంటి దీపాల సాధారణ ఆయుర్దాయం 8,000 నుంచి 9,000 గంటలు. రోజుకు 24 గంటల చొప్పున సంవత్సరానికి 8,760 గంటలు అవుతాయి కాబట్టి, నీలి కాంతి కనిపిస్తున్నా ఏడాదికి ఒకసారి దీపం మార్చవలసి ఉంటుంది. తీగలు బాగానే ఉండి నీరు మాత్రం పచ్చబడుతుంటే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

దీపం చుట్టూ క్వార్ట్జ్ గొట్టం, దాని బయట నీరు పారే ప్లాస్టిక్ గది ఉంటాయి. మామూలు గాజు ఈ కిరణాలను దాదాపు పూర్తిగా అడ్డుకొంటుంది. అందువల్ల పగిలిన క్వార్ట్జ్ గొట్టానికి బదులు మామూలు గాజు గొట్టం అమర్చితే దీపం వెలుగుతుంది, పని జరగదు. గొట్టం మొదట్లో రబ్బరు ఓ-రింగు నీటిని ఆపుతుంది. దానికి అవతల ఉండవలసిన పొడి గదిలో దీపపు హోల్డరు, చోక్ లేదా ఎలక్ట్రానిక్ బాలాస్ట్, తీగల కనెక్టరు ఉంటాయి. సరఫరా కేబుల్ ఈ గదిలోకి గ్లాండు గుండా ప్రవేశిస్తుంది. అంటే నీటికీ కరెంటుకూ మధ్య ఉన్నవి మూడే అడ్డుగోడలు: క్వార్ట్జ్ గొట్టం, ఓ-రింగు, గ్లాండు. మరమ్మతు చేసేవారి దృష్టి మొదట ఈ మూడింటిపై ఉండాలి.

పనికి ముందు

ఇంటి మెయిన్ స్విచ్ ఆపితే కొలను వైపు కరెంటు ఆగినట్టే అనుకోవడం నేడు సరికాదు. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో తోట లైట్లు, కొలను పంపు తరచుగా ఇన్వర్టరు లైనులోనే ఉంటాయి. మెయిన్ ఆపిన క్షణంలో ఇన్వర్టరు అందుకొంటుంది. అందువల్ల యూవీ దీపం ప్లగ్గును, కొలనులోని పంపు ప్లగ్గును కూడా సాకెట్ల నుంచి పూర్తిగా తీసి, కంటి ఎదుట ఉంచుకొన్న తరువాతే నీటిలో చేయి పెట్టాలి. కొన్ని ఇళ్లలో ప్లగ్గు లేకుండా కేబుల్‌ను నేరుగా స్విచ్చుకు కలిపి ఉంటారు. అటువంటి చోట ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంచే ఐసొలేటరు అమర్చడం మరమ్మతులో తొలి భాగం కావాలి.

దీపాన్ని బయటకు తీసి వెలిగించి చూడరాదు. ఈ కిరణాలు కంటిపొరను కొద్ది క్షణాలలోనే గాయపరచగలవు. నొప్పి, నీరు కారడం, కంట్లో ఇసుక పడ్డట్టు ఉండడం కొన్ని గంటల తరువాత గాని మొదలు కావు కాబట్టి, చూసినపుడు ఏమీ కాలేదన్న ధైర్యం పనికిరాదు. వెల్డింగు పనివారికి వచ్చే కంటి బాధ ఈ కోవలోనిదే. దీపం వెలుగుతున్నదా లేదా అన్నది గది మూసి ఉండగా, పైపు కలిసేచోట కనిపించే నీలి మెరుపును బట్టి తెలుసుకోవచ్చు.

దీపం మార్చడం, గొట్టం కడగడం ఇంటివారు చేసుకోదగిన పనులు. కేబుల్ కోసి కలిపే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండాలి. అయితే ఆయన సరిగా చేస్తున్నాడో లేదో గ్రహించే పరిజ్ఞానం ఇంటివారికీ అవసరమే.

లోపం ఎక్కడ ఉన్నదో గుర్తించడం

దీపం వెలగదు, ఆర్‌సీసీబీ మాత్రం పడదు అన్న సందర్భం తేలికైనది. దీపం కాలం తీరి ఉండవచ్చు, హోల్డరు పిన్నులకు చిలుము పట్టి ఉండవచ్చు, చోక్ పోయి ఉండవచ్చు, లేదా కేబుల్‌లో ఒక తీగ తెగి ఉండవచ్చు. మల్టీమీటరుతో ప్లగ్గు పిన్ను నుంచి కనెక్టరు వరకు మూడు తీగలకూ కంటిన్యూటీ చూస్తే తెగిన తీగ తెలుస్తుంది. టెస్టరు స్క్రూడ్రైవరు ఇక్కడ మోసం చేస్తుంది: న్యూట్రల్ తెగినా, ఎర్త్ తెగినా టెస్టరు వెలుగుతూనే ఉంటుంది.

కొత్త దీపం కొనేటపుడు పిన్నులు లెక్కించాలి. రెండు పిన్నుల జీ23 రకంలో స్టార్టరు దీపం మొదట్లోనే ఇమిడి ఉంటుంది, అది మామూలు చోక్‌తో పనిచేస్తుంది. నాలుగు పిన్నుల 2జీ7 రకం ఎలక్ట్రానిక్ బాలాస్ట్ కోసం తయారైనది. వాట్లు సమానమే కదా అని ఒకదాని బదులు మరొకటి అమర్చడానికి తీగలు మార్చడం సరికాదు. కోఠీ వద్ద ట్రూప్ బజారులో విద్యుత్ సామగ్రి విరివిగా దొరుకుతుంది. పాత దీపాన్ని, చోక్‌ను వెంట తీసుకుపోయి సరిచూసి కొనడం మేలు.

రెండవ సందర్భం, ప్లగ్గు పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోవడం. ముందు ఆ లైనులోని అన్ని ప్లగ్గులూ తీసి, ఒక్కొక్కటే పెట్టి చూడాలి. నింద తరచుగా యూవీ దీపంపై పడుతుంది గాని దోషి పంపు కూడా కావచ్చు. ప్లగ్గు సాకెట్లో ఉండి, స్విచ్ ఆపి ఉన్నా ఆర్‌సీసీబీ పడుతున్నదంటే అది విలువైన సూచన. గోడ స్విచ్ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. కాబట్టి న్యూట్రల్ తీగ ఎక్కడో ఎర్త్‌కు గాని నీటికి గాని తగులుతున్నదని, లేదా స్విచ్ న్యూట్రల్ తీగపై బిగించి ఉన్నదని అర్థం. రెండవది మరింత ప్రమాదకరం. అటువంటి ఇంట్లో స్విచ్ ఆపిన తరువాత కూడా దీపం హోల్డరు వద్ద ఫేజు నిలిచే ఉంటుంది.

మూడవది, వానపడినపుడో తెల్లవారుజామునో మాత్రమే పడిపోయి, ఎండ రాగానే బాగుపడే లోపం. దీనిని పాతనగరపు వాతావరణం చక్కగా పెంచి పోషిస్తుంది. మే నెల ఎండలో, 40 డిగ్రీలు దాటిన వేడికి, పీవీసీ టేపు జిగురు కరిగి అంచులు విడిపోతాయి. జూన్‌లో నైరుతి వానలు రాగానే ఆ సందులో నీరు చేరుతుంది. మధ్యాహ్నానికి ఆరిపోతుంది కాబట్టి మెకానిక్ వచ్చే వేళకు అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఇక్కడ మల్టీమీటరు చాలదు, 500 వోల్టుల మెగ్గరు కావాలి. ప్లగ్గులోని ఫేజు, న్యూట్రల్ పిన్నులను ఒకటిగా కలిపి, వాటికీ ఎర్త్ పిన్నుకూ మధ్య ఇన్సులేషన్ నిరోధం కొలవాలి. ఫేజు, న్యూట్రల్‌ల నడుమ మెగ్గరు పెడితే ఎలక్ట్రానిక్ బాలాస్ట్ పాడవుతుంది. ఫలితం 1 మెగాఓమ్ కంటే తక్కువైతే ఆ పరికరాన్ని వాడరాదు. తడి ఆరినపుడు కాక, కేబుల్‌పైన, గ్లాండుపైన నీరు చల్లి కొలిచినపుడే ఈ లోపం బయటపడుతుంది.

నీరు వచ్చిన దారి

పొడి గది తెరిచినపుడు లోపలి తడి ఏ చోట మొదలైనదో ముందు చూడాలి, తుడవడం తరువాత. క్వార్ట్జ్ గొట్టం లోపల నీటి చుక్కలుంటే గొట్టం పగిలినట్టు గాని, ఓ-రింగు విఫలమైనట్టు గాని భావించాలి. గ్రానైటు నేలల్లోని బోరు నీరు సాధారణంగా కఠిన జలం. దానిలోని సున్నం గొట్టంపై తెల్లని పొరగా పేరుకొని కిరణాలను అడ్డుకోవడమే కాక, ఓ-రింగు కూర్చునే అంచున గరుకు గట్టుగా ఏర్పడి రింగును సరిగా బిగుసుకోనివ్వదు. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలోగాని, వెనిగర్‌లోగాని గొట్టాన్ని కాసేపు ఉంచి మెత్తని గుడ్డతో తుడిస్తే పొర వదులుతుంది. బాత్రూము యాసిడ్‌ను చేపల కొలను దరికి తీసుకుపోరాదు. ఓ-రింగును ఏటా, దీపంతోపాటే మార్చాలి. దానికి సిలికాన్ గ్రీజు పలుచగా పూయాలి. బండి గ్రీజు కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

దీపానికి అతి దగ్గరలోని తీగలను ప్రత్యేకంగా పరీక్షించాలి. యూవీ కిరణాలు శైవలాలనే కాదు, మామూలు పీవీసీ పూతనూ దెబ్బతీస్తాయి. పసుపు రంగుకు తిరిగి, వంచగానే చిట్లే తీగ కనిపిస్తే ఆ ముక్క తీసివేసి టెఫ్లాన్ పూత గల తీగ వేయాలి. అక్కడ మామూలు తీగ వేస్తే కొద్ది నెలలకే అదే స్థితి వస్తుంది.

గ్లాండు విషయంలో మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక పొరపాటు ఉన్నది. బోరు మోటార్లకు వాడే చదునైన మూడు తీగల కేబుల్ ప్రతి ఊరిలో దొరుకుతుంది, నీటిలో మన్నుతుంది. ఆ నమ్మకంతో పాత గుండ్రటి కేబుల్‌కు బదులు దానిని యూవీ దీపానికి వేస్తారు. కేబుల్ మంచిదే, గ్లాండు మాత్రం గుండ్రనిది. గుండ్రటి రబ్బరు చదును కేబుల్‌ను రెండు అంచుల వద్ద మాత్రమే పట్టుకొంటుంది, అటూ ఇటూ సందులు మిగులుతాయి. ఎంత బిగించినా ఆ సందు మూసుకోదు. కాబట్టి గ్లాండు కొలతకు సరిపడే మందం గల, రబ్బరు తొడుగున్న గుండ్రటి మూడు కోర్ల కేబుల్ మాత్రమే వాడాలి. ఇంత చిన్న దీపానికి 0.75 లేదా 1 చదరపు మిల్లీమీటరు రాగి చాలు.

కేబుల్ మరమ్మతు

పాడైన చోట కేబుల్ కోసినపుడు లోపలి రాగి నల్లబడి ఉంటే ఇంకా వెనుకకు కోయాలి. సన్నని రాగి పోగుల మధ్యనుంచి నీరు, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు, చాలా దూరం ఎగబాకుతుంది. మెరిసే రాగి కనిపించేవరకు కోస్తూ పోవాలి. కనిపించకపోతే కేబుల్ మొత్తం మార్చాలి. నల్లబడిన రాగికి స్క్రూ బిగిస్తే కలయిక వేడెక్కి కనెక్టరు కరిగిపోతుంది.

నీటిలో గాని, నీటి అంచున నేలపై గాని అతుకు ఉండరాదు. గదిలోని కనెక్టరు నుంచి గోడ మీది పెట్టె వరకు ఒకే తునక కేబుల్ ఉండడం సరైన పద్ధతి. తప్పనిసరై అతికితే రెజిన్ పోసే అతుకు కిట్టు గాని, జెల్ నింపిన ఐపీ 68 పెట్టె గాని వాడాలి. బోరు మోటారు అతుకులకు రబ్బరు టేపు చుట్టే నేర్పు మన మెకానిక్కులకు ఉన్నది. కాని ఆ అతుకు మనుషులు చేరని లోతులో ఉంటుంది. పెరటి కొలనులో పిల్లలు చేతులు పెడతారు.

తీగల రంగుల వద్ద ఆగి ఆలోచించాలి. దిగుమతి అయిన పరికరాల కేబుల్‌లో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు చారలది ఎర్త్. మన పాత ఇళ్ల వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. త్రీఫేజు కనెక్షను ఉన్న ఇళ్లలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. అంటే దీపం కేబుల్‌లో న్యూట్రల్ అయిన నీలం, గోడలో ఫేజు కావచ్చు. రంగుకు రంగు కలపడం ఇక్కడ ప్రాణాంతకం. గోడ వైపు ప్రతి తీగనూ మీటరుతో కొలిచి నిర్ధారించిన తరువాతే కలపాలి. విదేశీ పరికరాలతో వచ్చే కరపత్రాలలో ప్లగ్గు ఫ్యూజు 3 ఆంపియర్లు ఉండాలని రాసి ఉంటుంది. అది బ్రిటిష్ ప్లగ్గులకు చెందిన మాట, మన ప్లగ్గులలో ఫ్యూజు ఉండదు.

గోడ మీది పెట్టెలోకి కేబుల్ అడుగు నుంచి ప్రవేశించాలి, ప్రవేశించే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. తీగ వెంట జారిన వాననీరు ఆ వంపు దగ్గర చుక్కలుగా రాలిపోతుంది. పెట్టె ఎత్తు నిర్ణయించేటపుడు కొలను నీటిమట్టం చూసుకొంటే చాలదు. 2020 అక్టోబరు వరదలలో జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్‌నగర్ వంటి లోతట్టు బస్తీలు నీట మునిగాయి. చెరువు పల్లంలో ఉన్న ఇళ్లవారు అప్పటి నీటి గుర్తుకు పైన పెట్టె బిగించుకోవాలి.

ఎర్త్, ఆర్‌సీసీబీ

చిన్న లెక్క ఒకటి ఈ విషయాన్ని తేటపరుస్తుంది. మనిషి శరీరం గుండా 30 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు కొంతసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. 6 ఆంపియర్ల ఎంసీబీ అంటే 6,000 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తీయగల కరెంటుకు 200 రెట్లు ప్రవహిస్తున్నా ఎంసీబీ దానిని మామూలు లోడుగానే భావిస్తుంది. తీగ కాలిపోకుండా కాపాడడం దాని పని, మనిషి సంగతి దానికి తెలియదు.

ఎర్త్ ఒక్కటే కాపాడుతుందన్న నమ్మకమూ ఈ నేలల్లో నిలవదు. సీ రకం 6 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే సుమారు 60 ఆంపియర్లు ఎర్త్ గుండా పోవాలి. అందుకు మొత్తం మార్గంలో నిరోధం 4 ఓమ్‌ల లోపు ఉండాలి. పలుచని చల్కా మట్టి కింద గ్రానైటు రాయి ఉన్నచోట, వేసవిలో గుంత ఎండిపోయినపుడు, ఒక ఇంటి ఎర్త్ అంత తక్కువ నిరోధం ఇవ్వడం కష్టం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి ఆ ఇబ్బంది లేదు. 230 వోల్టులను 0.03తో భాగిస్తే 7,600 పైచిలుకు ఓమ్‌లు వస్తాయి. ఎర్త్ కొంత బలహీనమైనా ఆర్‌సీసీబీ పడుతుందని దీని అర్థం, ఎర్త్ అక్కరలేదని కాదు. ఎర్త్ తీగ ఉంటే లోపం పుట్టిన క్షణంలోనే సరఫరా ఆగుతుంది. లేకుంటే ఎవరో ఒకరు నీటిని తాకినపుడు ఆగుతుంది.

మీటరు పక్కన ఆర్‌సీసీబీ ఉన్నదని తృప్తి పడక, దానిపై రాసిన అంకె చదవాలి. 100 లేదా 300 మిల్లీ ఆంపియర్లది అగ్ని ప్రమాద నివారణకు ఉద్దేశించినది. ఎలక్ట్రానిక్ బాలాస్ట్ ఉన్న చోట ఏసీ రకం కంటే ఏ రకం ఆర్‌సీసీబీ తగినది. నెలకు ఒకసారి టెస్ట్ బటను నొక్కి చూడాలి. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి పట్టుకొన్న మనిషిని మాత్రం ఏ ఆర్‌సీసీబీ కాపాడలేదు.

ఇక ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కరెంటు ఇవ్వడం. దీనికి పాల్పడేవారిలో చాలామంది నిర్లక్ష్యంతో ఆ పని చేయరు, చేపల మీది ఆందోళనతో చేస్తారు. యూవీ దీపం లోపం వల్ల రాత్రి ఆర్‌సీసీబీ పడితే అదే లైనులోని పంపు కూడా ఆగుతుంది. నీటి కదలిక లేక తెల్లవారేసరికి ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలి నోరు తెరుస్తాయి. ఫిల్టరులో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులూ దెబ్బతింటాయి. ఈ ఆందోళన న్యాయమైనదే. దానికి పరిష్కారం పంపుకు ఒకటి, యూవీ దీపానికి ఒకటి చొప్పున వేర్వేరు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీవోలు అమర్చడం. అప్పుడు దీపం లైను పడినా పంపు నడుస్తుంది. యూవీ దీపం వారం పది రోజులు ఆగితే చేపలకు హాని లేదు, నీరు కొంత పచ్చబడుతుంది, అంతే. కాబట్టి వానలో, చీకటిలో, టార్చి నోట కరచుకొని చేయవలసినంత తొందర ఈ మరమ్మతులో ఎప్పుడూ ఉండదు.

తిరిగి అమర్చడం

గదిని బిగించిన వెంటనే దీపానికి కరెంటు ఇవ్వరాదు. దీపం తీసిన పొడి గదిలో ఒక పొడి కాగితం చుట్టి ఉంచి, యూవీ ప్లగ్గు సాకెట్‌కు దూరంగా ఉండగా పంపును గంటసేపు నడపాలి. తరువాత పంపు ఆపి, ప్లగ్గు తీసి, గది తెరిచి చూడాలి. కాగితంపై చిన్న తడి మచ్చ కనిపించినా ఓ-రింగు మళ్లీ అమర్చాలి. కాగితం పొడిగా ఉంటే దీపం బిగించి, మెగ్గరుతో కొలిచి, ఆ అంకెను తేదీతో సహా పెట్టె మూత లోపల రాసి ఉంచాలి.

కాలం తీరిన దీపంలో పాదరసం ఉంటుంది. ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 పరిధిలో పాదరస దీపాలు కూడా ఉన్నాయి. కాబట్టి దానిని కాగితంలో చుట్టి ఈ-వ్యర్థాలు సేకరించేవారికే ఇవ్వాలి. పగిలితే చీపురుతో ఊడ్వక, గాలి ఆడేలా చూసి, గట్టి అట్టతో ముక్కలు ఎత్తి మూత గల సీసాలో వేయాలి. కొలను గట్టుపై పగలగొట్టడం ఎంతమాత్రం తగదు.

జూన్ తొలి వానలు పడిన వారంలో ఇన్సులేషన్ నిరోధాన్ని మరొకసారి కొలిచి, మూతపై రాసిన అంకెతో పోల్చాలి. ఉదాహరణకు, 20 మెగాఓమ్‌లు ఉన్నది 3కు దిగితే, 1 కంటే ఎక్కువే గదా అని వదలివేయక గ్లాండు విప్పి చూడాలి.